ఉగాది వేడుక, మార్చి 28: పనుల జాబితా (అర్జెంట్, అందరూ చూడండి)

సెక్రటరీ, సోమవారం ఉదయం 7:10
అందరికీ నమస్కారం. ఇంక 19 రోజులే. తేల్చాల్సినవి ఇవి: పచ్చడి, మామిడాకులు, పంచాంగ శ్రవణానికి పంతులుగారు, పిల్లల నాటిక (20 నిమిషాలు దాటొద్దు, ప్లీజ్), స్టీల్ గిటార్ వాయించే పెద్దాయనకి శాలువా, పార్కింగ్ దగ్గర ఆరుగురు. ఈ రాత్రిలోగా ఎవరి పని పక్కన వాళ్లు పేరు రాయండి.

వంటలు, 7:32
పచ్చడి నాది. అమ్మ పంపిన ఎండు వేపపువ్వు ఉంది, కొనక్కర్లేదు.

కోశాధికారి, మధ్యాహ్నం 12:40
పేర్లు తర్వాత. స్కూలు నుంచి ఇప్పుడే మెయిల్ వచ్చింది. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ శుక్రవారంలోగా అందలేదని ఆడిటోరియం బుకింగ్ రద్దు చేశారు. ఆ శనివారం వేరేవాళ్లకి ఇచ్చేశారు కూడా. డిపాజిట్ 600 డాలర్లు మాత్రం తిరిగిస్తారట.

స్టేజీ, 12:44
పరాభవ నామ సంవత్సరానికి ఇంకా పది రోజులుందే. అప్పుడే మొదలైందా?

సెక్రటరీ, 12:51
జోకులు తర్వాత అన్నా. సర్టిఫికెట్ పంపాల్సింది ఎవరు?

కోశాధికారి, 12:55
నేను ఫిబ్రవరి 20నే తెప్పించి గ్రూపులో పెట్టాను. స్కూలుకి పంపేది హాలు చూసుకునేవాళ్లు.

స్టేజీ, 1:02
హాలు నాదని ఎవరు చెప్పారు బాబాయ్? పోయినేడు చూశానని జన్మంతా నేనేనా? గ్రూపులో పెట్టి చేతులు దులుపుకుంటే అయిపోయిందా?

కోశాధికారి, 1:05
పదకొండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. చేతులు దులుపుకునే అలవాటు నాకు లేదు.

సెక్రటరీ, 1:09
ఇద్దరూ ఆగండి. ముందు హాలు వెతకండి.

పార్కింగ్, సాయంత్రం 6:20
పక్క ఊరు ఫ్రాంక్లిన్ వైపు ఒక ఫంక్షన్ హాలు ఖాళీగా ఉంది. 4,200 అన్నారు, బయట తిండి తేకూడదట. మన దగ్గర ఎంతుంది?

కోశాధికారి, 6:26
2,900. అందులో భోజనాల అడ్వాన్స్ 1,100 ఇచ్చేశాం.

సెక్రటరీ, రాత్రి 9:15
గుడివాళ్లతో మాట్లాడాను. ఆ రోజు పొద్దున కింది హాల్లో శ్రీరామనవమి కల్యాణం, భోజనాలు. నాలుగింటికి ఖాళీ చేసి మనకిస్తారు, ఎనిమిదికల్లా మనం వదిలేయాలి. పట్టేది 180 మంది. మనవాళ్లు వస్తామన్నది 340.

స్టేజీ, 9:31
నాలుగు గంటలే అయితే ఏదో ఒకటి కొయ్యాలి. ముందు ఆ గిటార్ తీసేద్దాం. ఉగాదికి కౌబాయ్ టోపీ ఏంటి అసలు? పిల్లలు రెండు నెలల నుంచి నాటిక ప్రాక్టీసు చేస్తున్నారు.

సౌండ్, 11:48
అన్నా, ముందుగా, ఆయన టోపీ పెట్టుకోడు.

నాష్‌విల్‌లో పన్నెండేళ్లుగా ఉంటున్నాం. ఇండియా నుంచి ఎవరొచ్చినా ఇక్కడి పాటల వీధి బ్రాడ్‌వేకి తీసుకెళ్లి నియాన్ బోర్డుల కింద ఫొటోలు తీస్తాం. కంట్రీ పాట వెనకాల మూలుగుతున్నట్టు సాగే ఆ తీగ ఏమిటో ఒక్కరోజూ అడగలేదు, నాతో సహా. అది పెడల్ స్టీల్ గిటార్: బల్లలా పరిచిన తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ, కాళ్లతో పెడళ్లు తొక్కుతూ వాయిస్తారు. మా వీధిలో మూడిళ్లవతల ఉన్న ముసలాయన జీవితమంతా అదే వాయించాడని నాకు తెలిసింది రెండేళ్ల కిందే. 81 ఏళ్లు. రికార్డుల అట్ట మీద పేరు లేకుండా వెనక కూర్చుని వాయించిన మనిషి.

ఆయన్ని అడిగితే తన గురించి ఒక్క ముక్క చెప్పడు. బడ్డీ ఎమన్స్ అనే స్టీల్ వాద్యకారుడి గురించి మాత్రం పొద్దుగూకేదాకా చెప్తాడు. 1954లో వచ్చిన కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాటలో, స్టీల్ వాయించే బడ్ ఐజాక్స్ పెడల్ తొక్కి, మోగుతున్న తీగనే పైకి లాగాడు. అది హిట్టయ్యాక స్టీల్ వాయించేవాళ్లంతా పెడళ్ల వెంట పడ్డారు. ఎమన్స్ ఇండియానా కుర్రాడు, 1937లో పుట్టాడు. 1955లో, 18 ఏళ్లకే గాయకుడు లిటిల్ జిమ్మీ డికెన్స్ బృందంలో చేరాడు. ఐజాక్స్ ఒకే పెడల్‌తో లాగిన రెండు స్వరాల్నీ విడదీసి రెండు పెడళ్లకి పంచింది ఇతనే. కాలు కాస్త పక్కకి వాలిస్తే ఒకటే కదులుతుంది, రెండూ కలిపి తొక్కితే రెండూ కదులుతాయి. 1962లో ‘E9’ అనే శ్రుతికి (తీగలు బిగించే పద్ధతికి) ఇంకో రెండు తీగలు చేర్చాడు. నాష్‌విల్ స్టీల్ అంటే ఇవాళ్టికీ ఆ పది తీగల వరసే. ఇంకో స్టీల్ వాద్యకారుడు షాట్ జాక్సన్‌తో కలిసి షో-బడ్ అని ఈ వాద్యాలు చేసే కంపెనీ పెట్టాడు. 1963లో ఇదే వాద్యం మీద జాజ్ ఆల్బం చేశాడు. 2015 జులైలో పోయాడు. మా పెద్దాయన ఆ వారమంతా పెట్టె తెరవలేదట.

శాలువా సంగతి చెబితే ఏమన్నాడో తెలుసా? "నాకెందుకు, బల్ల మీద ఎమన్స్ ఫొటో పెట్టండి, దాని ముందు వాయిస్తా" అన్నాడు. తీసేద్దామంటే తీసేద్దాం, కానీ ఆ మాట ఆయనకి నేను చెప్పను. మీరే వచ్చి చెప్పండి.

వంటలు, మంగళవారం ఉదయం 6:05
తమ్ముడూ, అసలు సంగతి రాయలేదేం? పోయిన వేసవిలో మీ పాప వరండాలో వీణ మీద మోహన రాగ వర్ణం సాధన చేస్తుంటే నేనూ అక్కడే ఉన్నాగా. ఆయన కంచె దగ్గర నిలబడి మొత్తం విన్నాడు. మర్నాడు గ్యారేజీలోకి రమ్మన్నాడు. ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ, కుడిచేతి వేళ్లకి లోహపు గోళ్లు. మోహనం అయిదు స్వరాలూ ఆయనకి చేతిలో పనే, కంట్రీ పాటల్లో సగం ఆ స్వరాల్లోనే తిరుగుతాయట. గాంధారం దగ్గరే ఆగిపోయాడు. పాప వీణ మీద ఊపిన ఊపు కడ్డీతో రాబట్టడానికి నలభై సార్లయినా వాయించుంటాడు. కడ్డీ కదిలింది గోరంత మేర. చెమట మాత్రం కారిపోయింది.

తీగ మీటేటప్పుడు కుడికాలి కింది వాల్యూమ్ పెడల్ సగమే తొక్కి ఉంచుతాడు. మోత సన్నగిల్లుతుంటే మెల్లగా కిందికి నొక్కుతాడు. స్వరం ఎక్కడ చచ్చిపోయిందో తెలియదు. మా తాతయ్యకి రేడియోలో గోటువాద్యం, అదే తీగల మీద కడ్డీ జరిపి వాయించే వీణ, అంటే ప్రాణం. ఆయన ఉంటే దీన్ని "కాళ్లతో కూడా వాయించే గోటువాద్యం" అనేవాడు.

స్టేజీ, 8:40
అక్కా, నేను వద్దన్నది ఆయన్ని కాదు, టైమ్ లేదనే. నిన్న ఆఫీసులో ఇంకో గొడవ, అది ఇక్కడ చూపించాను. బాబాయ్, సర్టిఫికెట్ నేను పంపాల్సిందే. గ్రూపులో చూసి, సాయంత్రం పంపుదామనుకుని మర్చిపోయాను.

కోశాధికారి, 8:52
సరేలేరా. నేనూ ఒకసారి ఫోన్ చేసి అడగాల్సింది. వదిలెయ్.

సెక్రటరీ, 9:30
హమ్మయ్య. గుడి హాలు ఖాయం చేసేస్తున్నా. రెండు జట్లుగా రమ్మందాం: సగంమంది నాలుగున్నరకి, సగంమంది ఆరుంపావుకి. స్టేజీ మీద నాటిక నడుస్తుంటే ఇంకో సగం బయట టెంటులో తింటారు.

స్టేజీ, 9:34
అయితే నాటిక రెండుసార్లు వేస్తాం, పన్నెండేసి నిమిషాలు. యముడి సీను పోతుంది. యముడి వాళ్లమ్మకి నేను చెప్పుకుంటా.

పార్కింగ్, 9:50
గుడిలో చెప్పులు విప్పాలిగా. ఆయన పెడళ్లు దేనితో తొక్కుతాడు?

సౌండ్, 10:12
అడిగాను, నవ్వాడు. ఇంట్లో ఎప్పుడూ మేజోళ్లతోనే వాయిస్తాడట, పెడల్ కాలికి బాగా తెలుస్తుందట. వాద్యం పెట్టెతో కలిపి అరవై పౌండ్ల పైమాటే, మెట్లు దింపడానికి ఇద్దరు కావాలి.

స్టేజీ, 10:13
ఒకడిని నేను.

వంటలు, 10:20
ఆరున్నరకి పైన హారతి. అప్పుడు కింద మైకు ఉండకూడదన్నారు.

సౌండ్, 10:26
అయితే రెండో జట్టుకి పంతులుగారి పంచాంగం హారతి తర్వాత. పెద్దాయన రెండుసార్లూ హారతికి ముందే, అయిదింటికి, ఆరుంపావుకి. అసలు ఆయన ఆంప్ (స్పీకరు పెట్టె) అంత చప్పుడు చెయ్యదు అక్కా.

కోశాధికారి, 10:41
ఎమన్స్ ఫొటో ఎంత సైజు? నేను ప్రింట్ తీయిస్తా. ఫ్రేమ్ డబ్బులు సంఘం లెక్కలో రాయను.

పార్కింగ్, 11:03
వదినా, మామిడాకులు ఎవరు తెస్తున్నారు?

సౌండ్, 11:15
ఇంకొకటి. కింద నేల టైల్సా అని అడిగాడు. టైల్స్ అయితే వాల్యూమ్ పెడల్ జారిపోతుందట. మందపాటి జంపకానా ఎవరి దగ్గరైనా ఉందా?

వంటలు, 11:19
మా ఇంట్లో ఉంది. దాని మీద పసుపు మరకలున్నాయి మరి.

సౌండ్, 11:20
మరకలున్నా పర్లేదు అక్కా. రెండు మడతలు వేస్తే సరిపోతుందా?