జబర్దస్త్ నుంచి ఒక్కొక్కరూ వెళ్ళిపోయాక షోలో అసలు ఏం తగ్గింది? చూసేవాళ్ళు చెప్పండి

రాజోలు_రైతుబిడ్డ అడిగారు:

నమస్కారమండి అందరికీ. మాది రాజోలు దగ్గర. మా ఇంట్లో అమ్మా, మేనత్తా ఇద్దరూ 2013 ఫిబ్రవరిలో ఈటీవీలో జబర్దస్త్ కామెడీ షో మొదలైన దగ్గర్నుంచి చూస్తున్నవాళ్ళే. గురువారం తొమ్మిదిన్నరయ్యేసరికి వంటిల్లు సర్దేసి, చెరువు కాపలాకి వెళ్ళిన నాన్నకి క్యారేజీ పంపేసి టీవీ ముందు కూర్చునేవాళ్ళు. తర్వాత శుక్రవారం ఎక్స్‌ట్రా జబర్దస్త్ కూడా వచ్చాక వారంలో రెండు రాత్రులు అదే కాలక్షేపం. ఇప్పుడు అదే అమ్మ ఫోన్‌లో పాత స్కిట్లు పెట్టుకుని చూస్తోంది. కొత్త ఎపిసోడ్ పెడితే కాసేపటికే "ఎవరో కొత్తోళ్ళు" అని లేచిపోతోంది.

నాకు తెలిసి పెద్ద దెబ్బలు రెండు. 2019 చివర్లో నాగబాబు గారు జడ్జి కుర్చీ వదిలి జీ తెలుగులో అదిరింది షోకి వెళ్ళారు, టీమ్ లీడర్లు చమ్మక్ చంద్ర, కిరాక్ ఆర్పీ కూడా అటే వెళ్ళారు. ఆ తర్వాత 2022లో ఇంకో జడ్జి రోజా గారు మంత్రి అయి వెళ్ళిపోయారు, యాంకర్ అనసూయ వెళ్ళిపోయింది, టీమ్ లీడర్లు సుడిగాలి సుధీర్ వెళ్ళాడు, హైపర్ ఆది వెళ్ళాడు, అన్నీ ఒక్క ఏడాదిలోనే. 2024లో ఎక్స్‌ట్రా అనే పేరే తీసేసి రెండిటినీ ఒకటి చేసేశారు. మనుషులు మారడం ఏ షోలో అయినా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మొదటి దెబ్బ తట్టుకున్న షో రెండోసారి ఎందుకు తట్టుకోలేకపోయింది? దీని మీద మీ అభిప్రాయం కావాలండి, సీరియస్‌గానే అడుగుతున్నాను.

పాలకొల్లు_మొదటిబెంచీ:

మంచి ప్రశ్న అడిగారండి. అల్లు రామలింగయ్య గారు పుట్టిన ఊరివాళ్ళం, కామెడీ గురించి అడిగితే మేం ఊరుకోలేం.

అందరూ జడ్జిల గురించీ యాంకర్ల గురించీ మాట్లాడతారు గానీ అసలు దెబ్బ అక్కడ కాదు. జబర్దస్త్‌లో టీమ్ లీడర్ అంటే ముందు నిలబడి డైలాగ్ చెప్పేవాడు ఒక్కడే కాదు, ఆ స్కిట్ పుట్టేది ఆ టీమ్‌లోనే. హైపర్ ఆది మొదట వచ్చింది అదిరే అభి టీమ్‌కి స్కిట్లు రాయడానికి, రాస్తూ రాస్తూ సొంత టీమ్ పెట్టుకున్నాడు. సుధీర్ టీమ్‌కి కలం ఆటో రాంప్రసాద్‌ది. అంటే ఇక్కడ ఒక లీడర్ బయటికి పోయాడంటే ఒక మొహం పోవడం కాదు, రాసే చెయ్యి, దాని చుట్టూ అలవాటుపడిన నలుగురైదుగురు, వాళ్ళ మధ్య కుదిరిన టైమింగ్ అంతా పోయినట్టే.

సుధీర్, గెటప్ శ్రీను, రాంప్రసాద్ ముగ్గురి స్కిట్ ఏదైనా ఒకటి తీసి జాగ్రత్తగా చూడండి. రాంప్రసాద్ పంచ్ వేసి ఆగుతాడు. ఆ ఆగిన రెండు క్షణాలూ కెమెరా సుధీర్ మొహం మీదే ఉంటుంది. సుధీర్ ఏమీ అనడు, తల ఇటు తిప్పి, అవమానం దిగమింగుకున్నట్టు ఒక చూపు చూస్తాడు, నవ్వు అక్కడ పుడుతుంది, పంచ్ దగ్గర కాదు. ఈలోపు శ్రీను ఏదో ఒక గెటప్‌లో దిగి ఇద్దర్నీ మింగేస్తాడు. సుధీర్ వెళ్ళాక రాంప్రసాద్ ఉన్నాడు, మధ్యలో ఆగినా శ్రీను మళ్ళీ వచ్చాడు, పంచ్‌లూ ఉన్నాయి, కానీ ఆ పంచ్ తన మీద వేయించుకునే మనిషి లేడు. తిట్టించుకోవడం కూడా ఒక విద్యేనండి, అది అందరికీ రాదు.

ఇక మీ అసలు ప్రశ్న. 2019లో ఎందుకు తట్టుకుందంటే అప్పటికే రెండో వరస తయారై ఉంది. సుధీర్, శ్రీను ఇద్దరూ పాత టీమ్ లీడర్ వేణు టీమ్‌లో వెనక వేషాలు వేసి పైకొచ్చినవాళ్ళు. వేణు, ధనరాజ్ బయటికి వెళ్ళేనాటికే వీళ్ళు సొంతంగా నిలబడ్డారు. నాగబాబు గారు వెళ్ళేనాటికి సుధీర్, ఆది మంచి ఊపు మీద ఉన్నారు. 2022లో ఆ ఊపులో ఉన్నవాళ్ళే వెళ్ళారు, వాళ్ళ వెనక అంత గట్టిగా నిలబడినవాళ్ళు లేరు. నాకు కనిపించిన తేడా ఇదే.

అమలాపురం_టు_న్యూజెర్సీ:

పై రిప్లై అద్భుతం. నేను ఇక్కడ అమెరికాలో సాటర్డే నైట్ లైవ్ అనే కామెడీ స్కిట్ల షో చాలాకాలంగా చూస్తున్నాను కాబట్టి ఒక పోలిక చెప్తాను. అది 1975లో ఎన్‌బీసీలో మొదలైంది, ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ మనుషులు వెళ్ళిపోవడం మొదటి ఏడాది దాటగానే మొదలైంది. చెవీ ఛేజ్ అని అందరికంటే ముందు స్టార్ అయినాయన 1976లోనే వెళ్ళిపోతే ఆ ఖాళీలోకి బిల్ ముర్రే వచ్చాడు. ఆయన వెళ్ళిన బాధ జనం త్వరగానే మర్చిపోయారు. కానీ 1980లో నటులంతా, షో మొదలుపెట్టిన నిర్మాత లార్న్ మైఖేల్స్‌తో సహా ఒకేసారి వెళ్ళిపోయారు. అప్పుడు షో మూతపడేదాకా వచ్చింది. కొత్త నిర్మాతని ఏడాది కూడా తిరక్కుండానే తీసేశారు. అప్పుడు దాన్ని నిలబెట్టింది ఎడ్డీ మర్ఫీ, వచ్చేనాటికి 19 ఏళ్ళ కుర్రాడు, చిన్న వేషాలకి తీసుకున్నారు. లార్న్ మైఖేల్స్ 1985లో తిరిగొచ్చాడు.

విచిత్రం ఏంటంటే మీరు చెప్పిన ఆ 2022లోనే ఇక్కడ కూడా కేట్ మెకిన్నన్, పీట్ డేవిడ్‌సన్‌తో కలిపి ఎనిమిది మంది వెళ్ళిపోయారు. కొంత తడబడినా షో ఆగలేదు. ఎందుకంటే ఇక్కడ రాసేవాళ్ళ గది వేరు. నటుడు వెళ్ళినా రాసేవాళ్ళలో చాలామంది ఉంటారు. కొత్తవాళ్ళని ముందు ఫీచర్డ్ ప్లేయర్లని చిన్న హోదాలో తీసుకుని, నిలదొక్కుకున్నవాళ్ళని పైకి తెస్తారు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇక్కడ ఏటా వేసవిలో షోకి సెలవు. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది అప్పుడే వెళ్తారు, కొత్తవాళ్ళని వెతుక్కోవడానికి నెలల టైమ్ ఉంటుంది. మన జబర్దస్త్‌కి సీజన్ అనేదే లేదు కదండి, వారం వారం పడాల్సిందే. ఈ వారం లీడర్ మానేస్తే వచ్చే వారం ఆ స్లాట్‌లో ఎవరో ఒకరు దిగాలి. ఆ టెన్షన్‌లో ఏ కొత్త టీమ్ కుదురుకుంటుంది?

కెనన్ థాంప్సన్ అని 2003 నుంచి కదలకుండా ఉన్న నటుడు ఒకాయన ఉన్నాడు. ఆయన్ని చూసినప్పుడల్లా నాకు మన రాకెట్ రాఘవే గుర్తొస్తాడు. మొదటి రోజుల నుంచి ఉన్న మనిషి, ఎవరు వచ్చినా ఎవరు పోయినా తన స్కిట్ తాను చేసుకుపోయాడు. అలాంటివాళ్ళకి దక్కాల్సిన పేరు మనం ఇవ్వలేదు, ఇది మాత్రం గట్టిగా చెప్తాను.

ప్రభలతీర్థం_కుర్రాళ్ళు:

ఆయ్, మేం ఇంకో వైపు నుంచి చెప్తాం. సంక్రాంతికి మా ఊళ్ళో స్టేజీ ప్రోగ్రాం పెట్టే కుర్రాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆర్టిస్టులకి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఊళ్ళో పెద్దలు అడిగేది ఒకటే మాట, "జబర్దస్త్ వాళ్ళేనా?" అని. మనిషి ఆ షో మానేసి ఏళ్ళయినా సరే ఫ్లెక్సీ మీద పేరు కింద "జబర్దస్త్ ఫేమ్" అని ఉండాల్సిందే, లేకపోతే చందాలు రాసేవాళ్ళు కూడా వెనకాడతారు. అంటే షోలోంచి వాళ్ళు వెళ్ళారు గానీ వాళ్ళలోంచి షో వెళ్ళలేదు.

ఇంకోటి గమనించారా, వెళ్ళిపోయారు అని మనం అనుకునేవాళ్ళలో కొందరు నిజంగా దూరం వెళ్ళలేదు. ఆది ఆ స్టేజీ మానేసినా ఢీ డాన్స్ షోలోనూ, ఆదివారం వచ్చే శ్రీదేవి డ్రామా కంపెనీలోనూ కనిపిస్తూనే వచ్చాడు, రెండూ జబర్దస్త్ తీసే అదే మల్లెమాల వాళ్ళవి, అదే ఈటీవీ. ఆదివారం అదే మనుషులు డాన్సులు, పాటలతో కలిపి కామెడీ చేసేస్తుంటే శుక్రవారం స్కిట్ కోసం ఎవరు ఆగుతారండి? ఉన్న సరుకునే నాలుగు కొట్లలో పెట్టి అమ్ముతున్నారు. నా లెక్కలో పోయినవాళ్ళ కంటే ఇదే ఎక్కువ దెబ్బ తీసింది.

నరసాపురం_లేసుపని:

ఆడవాళ్ళ తరఫున ఒక మాట చెప్పనివ్వండి. వెళ్ళినవాళ్ళ కోసం మీరంతా ఇంత బాధపడుతున్నారు గానీ ఆ పాత స్కిట్లలో భార్య మీద, పక్కింటావిడ మీద, లావుగా ఉన్నవాళ్ళ మీద వేసిన జోకులెన్నో ఉన్నాయి. పిల్లల్ని పక్కన పెట్టుకుని చూడలేక ఛానల్ మార్చిన రాత్రులు మా ఇంట్లో ఉన్నాయి. పాతదంతా బంగారం కాదు. చమ్మక్ చంద్ర మొగుడూ పెళ్ళాల గొడవల స్కిట్లు మాత్రం నాకూ ఇష్టమే, వాటిలో ఇంట్లో మనం నిజంగా అనుకునే మాటలు ఉండేవి.

వెళ్ళినవాళ్ళు ఏమైపోయారని కూడా చూడండి. వేణు వెళ్ళి 2023లో బలగం తీశాడు. చావింటి చుట్టూ అల్లిన కథ, తెలంగాణ పల్లె కథ, అయినా మా వీధిలో ఏడవనివాళ్ళు లేరు. ఆ మనిషి ఇంకా వారానికో స్కిట్ రాసుకుంటూ ఉండిపోయుంటే ఆ సినిమా వచ్చేదా? ధనరాజ్ కూడా డైరెక్టర్ అయ్యాడు, సుధీర్, శ్రీను హీరోలుగా చేశారు. వారం వారం కొత్తగా నవ్వించమంటే ఎంతకాలం నవ్విస్తారు ఎవరైనా? వాళ్ళు వెళ్ళడం తప్పు అన్నట్టు కింద కామెంట్లు పెట్టేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది.

రాజోలు_రైతుబిడ్డ:

అందరికీ చాలా థాంక్సండి, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. రెండో వరస సంగతి, సెలవు లేకపోవడం, ఈ రెండూ నాకు తట్టనే లేదు. అక్కా, మీరన్న జోకుల విషయం నిజం, మా మేనత్త కూడా కొన్ని స్కిట్లకి మొహం చిట్లించేది.

ప్రభల తీర్థం తమ్ముడూ, ఈసారి మీ ప్రోగ్రాంకి పెద్ద పేర్లతో పాటు ఇప్పుడు షోలో కొత్తగా చేస్తున్నవాళ్ళని కూడా ఒక ఇద్దర్ని పిలవండి. స్టేజీ మీద మన జనం ముందు నిలబడితేనే వాళ్ళకీ ధైర్యం వస్తుంది. చందా నా తరఫున రాసుకోండి, అమ్మని కూడా తీసుకొస్తాను. డేట్ ఖాయం కాగానే ఇక్కడే పెట్టండి.