12 లక్షలకు పాత బీఎండబ్ల్యూ 320డి తీసుకోవచ్చా? రిపేర్ ఖర్చులు స్విఫ్ట్‌తో పోలిస్తే ఎంత?

ప్రశ్న: 2014 బీఎండబ్ల్యూ 320డి, 85 వేల కిలోమీటర్లు తిరిగింది, 12 లక్షలు చెప్తున్నారు. కాస్త అటూఇటూగా ఆ డబ్బుకి కొత్త స్విఫ్టే వస్తుంది. నెలకు 800 కిలోమీటర్లు, అదీ హైదరాబాద్ సిటీలోనే. మెయింటెనెన్స్‌లో మరీ అంత తేడా ఉంటుందా?

జవాబు: ఉంటుందండి. బండి రేటు పడిపోయింది గానీ పార్టుల రేటు పడలేదు. కొత్తలో 30 లక్షలు దాటిన బండి, దానికి పార్టులూ ఆ లెక్కలోనే ఉంటాయి. ముందు బ్రేక్ ప్యాడ్లు స్విఫ్ట్‌కి రెండు వేల చుట్టూ. దీనికి ఒరిజినల్ సెట్ పది వేల పైమాటే, ప్యాడ్ అరిగిందని చెప్పే వేర్ సెన్సర్ వైరు అదనం. 225/50 ఆర్17 సైజు రన్‌ఫ్లాట్ టైరు (పంక్చరైనా కొంత దూరం నడిచేది) ఒక్కోటి 18 వేలు దాటుతుంది.

అయితే ఇవన్నీ తెలిసి పెట్టే ఖర్చులే. అసలు భయపడాల్సింది టైమింగ్ చైన్‌కి, అంటే ఇంజిన్ లోపల వాల్వులను పిస్టన్లతో లెక్క తప్పకుండా నడిపే గొలుసుకి. ఈ బండిలోని ఎన్47 డీజిల్ ఇంజిన్‌లో చైన్ ముందు వైపు కాదు, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. అంటే చైన్, గైడ్లు మార్చాలంటే గేర్‌బాక్స్ గానీ ఇంజిన్ గానీ దించాల్సిందే. పార్టుల కంటే లేబర్ ఎక్కువవుతుంది. తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ పోతుంది.

చూడ్డానికి వెళ్లేముందు స్టార్ట్ చేయొద్దని ఓనర్‌కి చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ఇంకోరోజు రండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, 1500–2000 ఆర్‌పీఎం మధ్య ఇంజిన్ వెనక నుంచి గొలుసు రాసుకున్నట్టు గరగర వినిపిస్తే ఆ బండి వదిలేయండి.

ఇంకో జవాబు: అన్నా, గేర్‌బాక్స్ సంగతి కూడా చూడు. దాని ఆయిల్‌ని 'లైఫ్‌టైమ్ ఆయిల్', అంటే ఎప్పటికీ మార్చక్కర్లేదు అంటారు గానీ, గేర్‌బాక్స్ తయారు చేసిన జెడ్‌ఎఫ్ కంపెనీ వాళ్లే 80 వేల నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. నీ బండికి ఆ టైమ్ వచ్చేసింది. ఫిల్టర్ కింద ఆయిల్ నిలిచే ప్లాస్టిక్ ప్యాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి ప్యాన్ మొత్తం మార్చాలి. లెవెల్ చూసేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో, ఆయిల్ 30–50 డిగ్రీల మధ్య ఉండాలి. ఇది తెలియని గ్యారేజీలో చేయించకు. 30 నుంచి 50 వేలు పక్కన పెట్టుకో.

బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ఏజీఎం రకం. కొత్తది వేశాక స్కానర్‌తో కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ చేయాలి. లేకపోతే పాత బ్యాటరీ అనుకునే చార్జ్ చేస్తుంది, కొత్తది త్వరగా పోతుంది.

ప్రశ్న: బయటి గ్యారేజీలో చేయిస్తే ఖర్చు తగ్గుతుందా?

జవాబు: బాగానే తగ్గుతుందండి, జర్మన్ బండ్లే చేసే గ్యారేజీ అయితే. మాన్ కంపెనీ ఫిల్టర్లు, లెమ్‌ఫోర్డర్ కంపెనీ సస్పెన్షన్ ఆర్ములు బీఎండబ్ల్యూ డబ్బా లేకుండా తక్కువకే దొరుకుతాయి. ఇంజిన్ ఆయిల్ దగ్గర మాత్రం మిగుల్చుకోవద్దు: బీఎండబ్ల్యూ ఆమోదించిన ఎల్‌ఎల్-04 గ్రేడు, 5.2 లీటర్లు, బండి చూపించే గడువు దాకా ఆగకుండా 10 వేలకోసారి. మీ సిటీ ట్రాఫిక్‌లో ఈజీఆర్‌లో (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మసి ఎలాగూ పేరుకుంటుంది. కాబట్టి బండి ధర కాక కనీసం రెండు లక్షలు చేతిలో ఉంటేనే ముందుకెళ్లండి. లేదంటే స్విఫ్టే తీసుకోండి.