తిలాపాపం తలా పిడికెడు సరే, నష్టం ఒక్కరికేనా?

చెరువుగట్టు: 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ మునిగింది. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చింది, చెరువుల్లో కట్టినవి కూల్చడం మొదలైంది. ఎవరిని కదిపినా ఒకటే మాట: "తప్పు అందరిదీ". అమ్మినవాడిది, కొన్నవాడిది, అనుమతి ఇచ్చినవాడిది, నాలాలో చెత్త పారేసే మనందరిదీ. సరే. మరి జేసీబీ కొన్నవాడి గుమ్మం ముందే ఎందుకు ఆగుతోంది?

సర్వేనంబర్: కొన్నవాడేం పాలు తాగే పిల్లాడా? పక్క కాలనీ కంటే గజం అంత చౌకగా ఎందుకొస్తోందో అడగొద్దా? వానాకాలంలో ఒక్కసారి వెళ్లి చూస్తే తెలిసేది.

బస్తీమాట: అన్నా, అడిగాడు. ఈసీ (ఆ స్థలం మీద పాత లావాదేవీలు చూపే పత్రం) తీయించాడు, లింక్ డాక్యుమెంట్లు లాయరుకు చూపించాడు. బ్యాంకు లోన్ ఇచ్చింది, కరెంటు మీటరు బిగించారు, ఇంటి పన్ను ఏటేటా కట్టించుకున్నారు. చాలా చెరువులకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే హద్దు) తుది నోటిఫికేషనే ఏళ్ల తరబడి రాలేదు, గీత ఎక్కడుందో వీడికెలా తెలుస్తుంది? ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగితే "మేం కాగితం నమోదు చేస్తామంతే" అంటారు. మున్సిపాలిటీ ఇరిగేషన్ శాఖ ఇచ్చిన ఎన్వోసీని (అభ్యంతరం లేదన్న పత్రాన్ని) చూపిస్తుంది. ఇరిగేషన్ రెవెన్యూ మీదకు నెడుతుంది, రెవెన్యూ పాత రికార్డు మీదకు. ప్రతి కాగితం కిందా సంతకం ఉంది, తేదీ ఉంది. చెత్త వేసినవాడినీ, ఒక్క సంతకం ఆపితే వెంచరే ఆగిపోయే స్థానంలో ఉన్నవాడినీ ఒకే గాటన కడితే లాభపడేది ఆ రెండోవాడే.

సర్వేనంబర్: 2024 ఆగస్టులో కొందరు అధికారుల మీదా కేసులు పెట్టారుగా.

బస్తీమాట: పెట్టారు, మంచిదే. కానీ కేసు ఏళ్లు నడుస్తుంది, ఇల్లు పొద్దున్నే పోతుంది. కూల్చే ముందు 15 రోజుల నోటీసు ఇవ్వాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, అందులోనూ నీటి వనరుల్లో ఉన్నవాటికి ఆ రక్షణ లేదు.

చెరువుగట్టు: ఇంకోటి. పెన్షన్ నిబంధనల ప్రకారం రిటైరయ్యాక కొత్తగా శాఖాపరమైన విచారణ మొదలుపెట్టాలంటే, తప్పు జరిగి నాలుగేళ్లు దాటకూడదు. ఇక్కడ సంతకానికీ కూల్చివేతకూ మధ్య పదేళ్లు గడిచిపోతున్నాయి. ముందు ఆ గడువు మార్చాలి.

సర్వేనంబర్: ఇది ఒప్పుకుంటా. కానీ కొన్నవాడికి పూర్తి పరిహారమంటే మాత్రం ఒప్పుకోను. అది మళ్లీ నా పన్నులోంచేగా?

బస్తీమాట: మీ పన్నులోంచి ఎందుకు సార్? లేఅవుట్ వేసి అమ్మినవాడికి ఇప్పుడు ఇంకో వెంచర్ నడుస్తుంటుంది, బ్రోచర్లు పంచుతుంటాడు. వసూలు అక్కడ మొదలుపెట్టమనండి.