రేడియో 4 'జస్ట్ ఎ మినిట్' వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

లీడ్స్ లావణ్య:

అందరికీ నమస్కారం. నేను లీడ్స్‌లో ఒక కేర్ హోమ్‌లో పని చేస్తున్నాను. అక్కడ ఒక పెద్దాయన సోమవారం సాయంత్రం ఆరున్నరకల్లా బీబీసీ రేడియో 4 పెట్టమంటారు. 'జస్ట్ ఎ మినిట్' వస్తుంటే ఇక ఎవరు పిలిచినా పలకరు. బజర్ మోగకముందే నవ్వేస్తారు. నాకు మాటలు అర్థమవుతున్నాయి గానీ నవ్వు అందడం లేదు. మా ఇంజినీరింగ్ కాలేజీలో ప్లేస్‌మెంట్ల ముందు 'జామ్' (జస్ట్ ఎ మినిట్‌కు పొట్టి పేరు) అని పెట్టి, టాపిక్ ఇచ్చి నిమిషం మాట్లాడమనేవాళ్ళు. ఇది అదేనా? మరి ఇందులో అంత పోట్లాట దేనికి? పాతవాటిలో ముందు ఏవి వినాలి? ఆయనతో కూర్చుని ఈ ప్రోగ్రామ్ గురించి నాలుగు మాటలు మాట్లాడాలని ఉంది.

వ్యాన్ రేడియో (బర్మింగ్‌హామ్):

లావణ్య గారూ, మన కాలేజీ జామ్‌కు పుట్టిల్లు ఇదే. కాకపోతే ప్లేస్‌మెంట్ వాళ్ళు అసలు సరుకు తీసేశారు. అక్కడ ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. ఇక్కడ మాట్లాడేవాళ్ళ మీద ముగ్గురు కాపు కాస్తుంటారు. తడబడకూడదు, అన్న మాట మళ్ళీ అనకూడదు, విషయం వదిలి పోకూడదు. కబడ్డీలో కూత పెట్టినట్టు ఆపకుండా సాగాలి. ఎక్కడ తప్పినా బజర్ నొక్కుతారు. ఛాలెంజ్ సరైనదైతే నొక్కినవాళ్ళకు పాయింటు, దాంతోపాటు టాపిక్, మిగిలిన సెకన్లు కూడా. తప్పైతే మాట్లాడుతున్నవాళ్ళకే పాయింటు, వాళ్ళే కొనసాగిస్తారు. నిమిషం అయ్యి విజిల్ వేసేసరికి ఎవరి నోట మాట ఉందో వాళ్ళకు ఇంకో పాయింటు. టాపిక్‌లో ఉన్న మాటలు మాత్రం ఎన్నిసార్లైనా అనొచ్చు.

మీ పెద్దాయన ముందే ఎందుకు నవ్వుతున్నారో మన భాషలో చూద్దాం. టాపిక్ ఆవకాయ అనుకోండి. "ఆవకాయ పెట్టే రోజు తెల్లారేసరికే ఇల్లంతా సందడి. నాన్న బజారు నుంచి పుల్లటి కాయలు తెస్తారు. అమ్మ వాటిని కడిగి, తుడిచి, బట్ట మీద ఆరేస్తుంది. తాతయ్య కత్తిపీట ముందు కూర్చుని ముక్కలు కొడతారు. పిన్ని పెద్ద జాడీ తుడిచి..." బజర్! 'తుడిచి' రెండుసార్లు వచ్చింది. మీరు పట్టుకున్నారా? ఆయన చేస్తున్నది అదే. ఆ మాట మొదటిసారి వచ్చినప్పుడే చెవిన వేసుకుని, రెండోసారి ఎప్పుడు వస్తుందా అని చూస్తుంటారు. అది వచ్చేసరికి బజర్ కంటే ముందు ఆయన నవ్వే మోగుతుంది. కాబట్టి మీరు కూడా చెప్పే కథ మీద కంటే వాడే మాటల మీద చెవి పెట్టండి.

పోట్లాట విషయానికొస్తే, నా దృష్టిలో ఆటంతా అందులోనే ఉంది. నిమిషం ప్రసంగం ఒక సాకు. ఒకసారి ఎవరో బీబీసీ అంటే, 'బీ' రెండుసార్లు వచ్చిందని బజర్ నొక్కారు! పాత రోజుల్లో ఆడిన కెనెత్ విలియమ్స్ అయితే తీర్పు తనకు ఎదురొస్తే చాలు, గ్రేట్ పోర్ట్‌లాండ్ స్ట్రీట్ నుంచి ఇంత దూరం వచ్చింది ఇందుకేనా అని విరుచుకుపడేవారు. ఆ వీధి ఉన్నది లండన్ నడిబొడ్డునే. హాల్లో జనం పగలబడి నవ్వేవాళ్ళు. అప్పట్లోనే ఆడిన క్లెమెంట్ ఫ్రాయిడ్ తీరు ఇందుకు పూర్తిగా భిన్నం. అంతసేపూ గుమ్మనకుండా కూర్చుని, చివరి రెండు మూడు సెకన్లు ఉండగా బజర్ నొక్కి పాయింటు కొట్టేసేవారు. అది తొండి అనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. రూల్ అంత బాగా తెలిసిన మనిషి దాన్ని వాడుకోవడంలో తప్పేముంది?

వీళ్ళందరినీ పట్టి ఉంచింది, తీర్పులు చెప్పే ఛైర్మన్ నికొలస్ పార్సన్స్. 1967 డిసెంబర్ 22న మొదటి ప్రసారం. నిజానికి ఆయనకు ఛైర్మన్ కుర్చీ వద్దు, ప్యానెల్లో ఆడాలని ఉండేది. అయినా యాభై ఏళ్ళ పాటు ఒక్క ఎపిసోడ్‌కూ గైర్హాజరు కాలేదు. 2020 జనవరిలో, 96 ఏళ్ళ వయసులో పోయేదాకా ఆ కుర్చీ ఆయనదే. నలుగురు తిట్టినా గొంతు చెడకుండా, తీర్పు చెప్పి, మిగిలిన సెకన్లు లెక్కగా చెప్పి, ఆట మళ్ళీ నడిపించడం అంత తేలికైన పని కాదు. ఇంత గొప్ప ఛైర్మన్ రేడియోలో ఇంకొకరు లేరని నా నమ్మకం. వ్యాన్ నడుపుతూ ఆయన గొంతు విన్నవాణ్ణి, ఆ వార్త వచ్చిన రోజు నాకు చాలా బాధేసింది.

చిన్నారి వాళ్ళ నాన్న:

అన్నా, బాగా చెప్పారు. మూలం కూడా చెబితే లావణ్య గారికి ఆయనతో మాట్లాడటానికి పనికొస్తుంది. దీన్ని తయారు చేసింది ఇయాన్ మెసిటర్. షెర్బోర్న్ స్కూల్లో చదివేటప్పుడు ఆయన క్లాసులో పరధ్యానంగా ఉంటే, మాస్టారు లేపి, ఇప్పటిదాకా చెప్పింది తడబడకుండా, చెప్పిందే చెప్పకుండా నిమిషం పాటు చెప్పమన్నారట. ఆ శిక్షే తర్వాత ఆట అయింది. పరీక్షగా చేసిన మొదటి ఎపిసోడ్ (పైలట్) బీబీసీ పైవాళ్ళకు నచ్చలేదు. ప్రొడ్యూసర్ డేవిడ్ హ్యాచ్ పట్టుబట్టబట్టి బతికింది.

ఇంకో మాట. 2012లో వీళ్ళు ముంబై వచ్చి అక్కడి కామెడీ స్టోర్‌లో రెండు ఎపిసోడ్లు చేశారు. పాల్ మెర్టన్, మార్కస్ బ్రిగ్‌స్టాక్‌తో పాటు మన సైరస్ బ్రోచా, అనువబ్ పాల్ ఆడారు. మీకు దొరికితే అవి తప్పకుండా వినండి.

హారో అత్తయ్య:

లావణ్యా, వీలైతే రికార్డింగ్‌కు వెళ్ళమ్మా. బీబీసీ టికెట్లు ఉచితం, పేరు ఇస్తే లాటరీ తీస్తారు. నేను, మా కోడలు వెళ్ళాం. విజిల్ వేసే అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుని హోస్ట్ పక్కనే కూర్చుంటుంది. రేడియోలో ఆ విజిల్ తప్ప ఆమె జాడే తెలియదు. బజర్ నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకునేవాళ్ళను చూస్తే ఎంత ముచ్చటేసిందో! అవతలివాళ్ళు బాగా మాట్లాడుతున్నారని వదిలేస్తున్నారు. వినేటప్పుడు ఆ మంచితనం తెలియదు. ఇప్పుడు హోస్ట్ సూ పెర్కిన్స్. నాకు ఆమె బాగా నచ్చింది.

వ్యాన్ రేడియో (బర్మింగ్‌హామ్):

అత్తయ్య గారూ, ఆ చెయ్యి వెనక్కి తీసుకునే సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. చాలా థాంక్స్.

లావణ్య గారూ, ఏవి ముందు అన్నారు కదా. పాల్ మెర్టన్, షీలా హ్యాంకాక్ ఉన్నవాటితో మొదలుపెట్టండి. ఇంగ్లీషు ఇప్పటిది, తేలిగ్గా చెవికెక్కుతుంది. చెవి కుదిరాక విలియమ్స్, ఫ్రాయిడ్, డెరెక్ నిమ్మో, పీటర్ జోన్స్ నలుగురూ ఉన్న పాతవి వినండి, రేడియో 4 ఎక్స్‌ట్రాలో మళ్ళీ వేస్తుంటారు. స్కోరు ఎవరిది ఎంతని చూడకండి, అక్కడ ఆడేవాళ్ళే పెద్దగా పట్టించుకోరు. పెద్దాయన్ను మాత్రం విలియమ్స్ ఇష్టమా, ఫ్రాయిడ్ ఇష్టమా అని అడగండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి.