జ్యూరీ డాక్టర్ వైపే తీర్పిచ్చింది. అప్పీల్‌కు వెళ్లడం దండగేనా? (టెక్సస్)

శ్రీను_ఫ్రిస్కో
అందరికీ నమస్కారం. మా మామగారు విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు కడుపునొప్పి అంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. గ్యాస్ అని మాత్రలిచ్చి పంపేశారు. మర్నాటికి పేగు చిల్లుపడి సెప్సిస్ అయ్యింది, ఇక దక్కలేదు. కేసు వేశాం. డల్లాస్ కౌంటీ జ్యూరీ డాక్టర్ తప్పేం లేదంది. జడ్జి సంతకం కూడా అయిపోయింది. మా బావమరిది అప్పీల్ చేసి తీరాలంటున్నాడు. మా లాయర్ ఫోనే ఎత్తట్లేదు. ఏం చేయమంటారు?

గోదారోడు
కళ్లు మూసుకుని వెళ్లండి బ్రదర్. హైదరాబాద్ నిమ్స్ కేసు తెలుసు కదా. 1990లో ఇంజినీరింగ్ కుర్రాడికి ఆపరేషన్ చేస్తే నడుం కింద చచ్చుబడిపోయింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 15.5 లక్షలిస్తే, సుప్రీంకోర్టులో తన కేసు తనే వాదించుకుని 2009లో కోటి రూపాయలు తెచ్చుకున్నాడు. టైం ఉంది, 90 రోజులు.

నల్లకోటు_హ్యూస్టన్
90 కాదండీ, 30. జడ్జిమెంట్ సంతకమైన రోజు నుంచి లెక్క. ఆ 30 రోజుల్లో కొత్త ట్రయల్ (మళ్లీ విచారణ) కోసం మోషన్, అంటే దరఖాస్తు, వేస్తేనే 90 అవుతుంది. శ్రీను గారూ, ముందు మోషన్ పడిందో లేదో కనుక్కోండి.

నిమ్స్ కేసు ఇక్కడ పనికిరాదు. అక్కడ జ్యూరీ లేదు, సుప్రీంకోర్టు సాక్ష్యమంతా మళ్లీ తూకం వేసింది. ఇక్కడ అప్పీల్ అంటే కొత్త సాక్షులుండరు, కొత్త రిపోర్టులుండవు. ముగ్గురు జడ్జీలు రికార్డు చదివి, ట్రయల్ జడ్జి చట్టపరంగా పొరపాటు చేశాడా, దానివల్ల తీర్పు తారుమారైందా అని చూస్తారు. తీర్పు సాక్ష్యానికి పూర్తిగా విరుద్ధమని కూడా వాదించొచ్చు. కానీ ఇద్దరు ఎక్స్‌పర్టులు చెరో మాట చెప్పాక జ్యూరీ ఒకరిని నమ్మితే, దాన్ని కదపడం మహా కష్టం.

నాకు కావాల్సింది ఒక్క కాగితం. జ్యూరీకి ఇచ్చిన మొదటి ప్రశ్నలో ఉత్త నిర్లక్ష్యం అని ఉందా, ‘విల్‌ఫుల్ అండ్ వాంటన్’ (ప్రమాదం తెలిసీ లెక్కచేయకపోవడం) అని ఉందా?

డల్లాస్_కిరణ్
మా ఫ్రెండ్‌కి 60 రోజులిచ్చారే?

నల్లకోటు_హ్యూస్టన్
కాలిఫోర్నియా అయ్యుంటుంది. రాష్ట్రానికో లెక్క.

శ్రీను_ఫ్రిస్కో
‘విల్‌ఫుల్ అండ్ వాంటన్’ అనే ఉంది. దాని కింద ‘నో’ అని పెన్నుతో రాశారు. ఆ తర్వాత పేజీల్లో డబ్బు రాయాల్సిన గీతలన్నీ ఖాళీ. చివర్లో పదిమంది సంతకాలు. మిగతా ఇద్దరు ఒప్పుకోలేదన్నమాట.

నల్లకోటు_హ్యూస్టన్
పది మంది చాలు ఇక్కడ. అసలు సంగతి అది కాదు. టెక్సస్ 2003 చట్టం ప్రకారం ఎమర్జెన్సీ వైద్యమైతే మామూలు పొరపాటు చూపిస్తే సరిపోదు, ప్రమాదం తెలిసీ ఖాతరు చేయలేదని నిరూపించాలి. అయితే రోగి కుదుటపడ్డాక చేసిన వైద్యానికి ఆ రక్షణ లేదు. కుదురుగా ఉన్నారనే కదా మీ మామగారిని ఇంటికి పంపింది? మీ అప్పీల్‌కి ప్రాణమంతా అక్కడే ఉంది. కానీ జ్యూరీకి ప్రశ్నలు చదివి వినిపించక ముందే మీ లాయర్ లేచి ఆ ‘విల్‌ఫుల్’ ప్రశ్న మీద అభ్యంతరం చెప్పి ఉండాలి. చెప్పకపోతే ఆ పాయింట్ పోయినట్టే.

ఈఆర్_డాక్టర్_ఓహాయో
ఇన్నేళ్లూ జ్యూరీలు మామీద సెంటిమెంటుతో తీర్పులిస్తే న్యాయం గెలిచింది అన్నారు. 2019లో బాల్టిమోర్ జ్యూరీ ఒక కాన్పు కేసులో జాన్స్ హాప్కిన్స్ బేవ్యూ మీద దాదాపు 23 కోట్ల డాలర్లు వేసింది. 2021లో అప్పీల్ కోర్టు సాక్ష్యం చాలదని మొత్తం కొట్టేసింది. ఇప్పుడు డాక్టర్ గెలిస్తే మాత్రం జ్యూరీకి ఏమీ తెలియదా? నా మీదా కేసు పడింది, చివరికి కొట్టేశారు. అయినా లైసెన్స్ రెన్యూవల్ వచ్చిన ప్రతిసారీ ఆ కథ రాయాల్సిందే.

గోదారోడు
మేడం, మా అమ్మ మోకాలి ఆపరేషన్ పాడైతే జిల్లా కమిషన్‌లో డాక్టర్ మీద సాక్ష్యం చెప్పడానికి ఇంకో డాక్టర్ దొరకలేదు. మీరంతా ఒకటే.

ఈఆర్_డాక్టర్_ఓహాయో
మీ అమ్మగారి మోకాలికీ ఈ కేసుకీ ఏంటండీ సంబంధం? శ్రీను గారూ, అడక్కూడదు గానీ, ఇన్సూరెన్స్ ఉందా? బిల్లు భయంతో స్కాన్ వద్దన్నవాళ్లను రోజూ చూస్తాను.

శ్రీను_ఫ్రిస్కో
మేడం, మాట జాగ్రత్త. స్కాన్ తీయండి అని కౌంటర్ దగ్గర బతిమాలింది మా ఆవిడ. కోర్టులో అవతలి లాయర్ కూడా తనను ఇదే ప్రశ్న తిప్పితిప్పి అడిగాడు. ఆ రాత్రి తను అన్నం ముట్టలేదు.

ఎలాగూ అడిగారు కాబట్టి చెబుతున్నా. డబ్బు కోసం కాదు ఇది. మామగారు రిటైర్డ్ టీచర్, సంపాదన పోయిందని చూపించడానికేం లేదు. బాధకు డాక్టర్ నుంచి వచ్చేది, ఇక్కడి చట్టం ప్రకారం, ఎంత గెలిచినా 2,50,000 డాలర్లు దాటదు. మా ఆవిడ ఇక ఆ బోనెక్కనంటోంది. బావమరిది గుంటూరులో ఉంటాడు, విచారణకు ఒక్కరోజూ రాలేదు, ఇప్పుడు నాన్నకి న్యాయం అంటూ అర్ధరాత్రి ఫోన్లు. వద్దంటే నేనే అడ్డుపడుతున్నానట.

సుజాత_ప్లానో
అయ్యో. మీ అత్తగారేమంటున్నారు?

శ్రీను_ఫ్రిస్కో
ఆ డాక్టర్ ఎదురుగా కూర్చుని ఏం జరిగిందో చెబితే చాలంటున్నారు.

నల్లకోటు_హ్యూస్టన్
అది అప్పీల్లో దొరకదు శ్రీను గారూ. సెటిల్ చేసుకున్నా తప్పు ఒప్పుకోవడం లేదనే కాగితంలో రాసుకుంటారు. ఇక మీ బావమరిది కూడా వాది అయితే అప్పీల్ నోటీసు ఆయన ఒక్కడే వేసుకోవచ్చు, మీ ఆవిడ సంతకం అక్కర్లేదు. కానీ గెలిస్తే దక్కేది కొత్త ట్రయల్. అప్పుడు మళ్లీ బోనెక్కాల్సింది ఆవిడే. ఈ మాట ఆయనకు ఎవరైనా చెప్పారా? రికార్డు టైపు చేయించడానికే వేల డాలర్లవుతుంది. గెలిస్తేనే ఫీజు అన్న మీ ఒప్పందంలో అప్పీల్ ఉందో లేదో కూడా చూసుకోండి.

శ్రీను_ఫ్రిస్కో
లేదు. ఇప్పుడే చదివా. అభ్యంతరం చెప్పాడా, మోషన్ వేశాడా అని లాయర్‌కి మెయిల్ పెట్టాను. బావమరిదిని కూడా అందులో కలిపాను, ఖర్చు సంగతి ఆయనే మాట్లాడుకుంటాడు.

గోదారోడు
మోషన్ వేసుంటే 90 రోజులే. నేను చెప్పింది అదే.

చిట్టిబాబు
అభ్యంతరం చెప్పకపోయుంటే ఆ లాయర్ మీదే మాల్‌ప్రాక్టీస్ (వృత్తిలో నిర్లక్ష్యం) కేసు వేసేయండి.

నల్లకోటు_హ్యూస్టన్
దానికి వేరే థ్రెడ్ తెరవండి బాబూ.