అంబాసిడర్ మార్క్-2: కింది బ్రీదర్ గొట్టం మూసి మానిఫోల్డుకు కలపవచ్చా?

ప్రశ్న (విజయనగరం నుంచి)

నమస్కారం. మా ఇంట్లో 1972 నాటి అంబాసిడర్ మార్క్-2 ఉంది. ఇంజిను కారుతో వచ్చిన 1489 సీసీ పెట్రోలుదే, కార్బరేటరు ఎస్‌.యు. రకం. కారు ఎక్కువగా కంటోన్మెంటు నుంచి గంటస్తంభం దాకా, ఎప్పుడైనా నెల్లిమర్ల దాకా మాత్రమే తిరుగుతుంది. వానలు మొదలైన దగ్గర నుంచి ఆయిల్ పోసే మూత లోపల మీగడలాంటి తెల్లటి జిడ్డు పేరుకుంటోంది. బండి ఎక్కడైనా ఆగి ఐడిల్‌లో ఉంటే ఆయిల్ పొగ వాసన లోపలికి వస్తోంది. రాత్రి నిలిపిన చోట తెల్లవారేసరికి బెల్ హౌసింగ్ (ఇంజిను వెనుక క్లచ్ ఉండే గూడు) కింద ఆయిల్ చుక్కలు కనబడుతున్నాయి. రేడియేటరులో నీరు తగ్గడం లేదు, అందులో ఆయిల్ జాడ కూడా లేదు కనుక హెడ్ గ్యాస్‌కెట్ మీద నాకు అనుమానం లేదు.

ఈ ఇంజినుకు సైడ్ కవరు నుంచి కిందికి దిగే ఇనుప బ్రీదర్ గొట్టం (లోపలి వాయువు బయటికి పోయేది) ఒకటి, రాకర్ కవరు (ఇంజిను పై మూత) నుంచి ఎయిర్ క్లీనరుకు పోయే రబ్బరు గొట్టం ఒకటి ఉన్నాయి. కింది గొట్టాన్ని మూసేసి, పై గొట్టాన్ని నేరుగా ఇన్‌లెట్ మానిఫోల్డుకు (కార్బరేటరు నుంచి సిలిండర్లకు మిశ్రమం పోయే దారి) కలిపితే పొగంతా ఇంజినే పీల్చుకుంటుందని ఒక మెకానిక్కు సలహా ఇచ్చారు. ఆ పని చేయించే ముందు అనుభవజ్ఞుల అభిప్రాయం తెలుసుకోవాలనుకుంటున్నాను.

జవాబు (శ్రీకాకుళం నుంచి)

అయ్యా, ఆ సలహాలో సగమే సరైనది. మానిఫోల్డు లాగుడును (వాక్యూమ్) వాడుకోవడం మంచి పద్ధతే కానీ, మధ్యలో పీసీవీ వాల్వు (క్రాంక్‌కేసు వాయువును మానిఫోల్డుకు అదుపులో పంపే వాల్వు) లేకుండా, తాజా గాలి వచ్చే దారిని మూసేసి కలపడం మాత్రం ఇంజినుకు హాని చేస్తుంది.

ఎంత మంచి ఇంజిను అయినా పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత వాయువు క్రాంక్‌కేసులోకి (పిస్టన్ల కింద క్రాంక్‌షాఫ్టు తిరిగే గది) దిగుతూనే ఉంటుంది. అందులో కాలని పెట్రోలు ఆవిరి, నీటి ఆవిరి, ఆయిల్‌ను పాడుచేసే ఆమ్లాలు ఉంటాయి. వాటిని బయటకు తీసుకుపోవడానికే ఆ రెండు గొట్టాలు ఉన్నాయి. కింది గొట్టం కొసను ఏటవాలుగా కోయడానికి కారణం, బండి కదులుతున్నప్పుడు దాని పక్కగా పోయే గాలి లోపలి వాయువును లాగాలన్నదే. హైవే మీద అరవై వేగంలో ఆ ఏర్పాటు చక్కగా పనిచేస్తుంది. గంటస్తంభం దగ్గర రద్దీలో మాత్రం లాగే గాలే ఉండదు. దానికి తోడు చిన్న ప్రయాణాల్లో ఇంజిను పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తారు కనుక, నీటి ఆవిరి చల్లటి మూత మీద చేరి ఆయిల్‌తో కలిసి మీరు చెప్పిన తెల్లటి జిడ్డు అవుతుంది.

బెల్ హౌసింగ్ కింది చుక్కలకు కూడా ఇదే కారణం కావచ్చు. ఈ ఇంజినులో క్రాంక్‌షాఫ్టు వెనుక చివర రబ్బరు ఆయిల్ సీలు ఉండదు. షాఫ్టు మీద మరలాగా చెక్కిన గాడి తిరుగుతూ ఆయిల్‌ను వెనక్కి, సంపు (కింది ఆయిల్ తొట్టి) వైపుకు, నెడుతుంది. క్రాంక్‌కేసులో ఒత్తిడి బయటి గాలి కంటే ఎక్కువైతే ఆ గాడి ఆయిల్‌ను ఆపలేదు. అందుచేత ఇంజిను దించి గ్యాస్‌కెట్లు మార్చే ఖర్చుకు ముందు గాలి మార్గాన్ని సరిచేసుకోవాలి.

ఇక నేరుగా కలిపితే ఏమవుతుందో చూడండి. ఐడిల్‌లో మానిఫోల్డు లాగుడు దాదాపు 16 నుంచి 20 అంగుళాల పాదరసం మేరకు ఉంటుంది. గొట్టం పూర్తిగా తెరిచి ఉంటే కార్బరేటరు లెక్కలోకి రాని గాలి లోపలికి పోయి మిశ్రమం పలుచబడి ఐడిల్ నిలవదు. ఆయిల్ తుంపర సిలిండర్లలోకి పోతుంది. వెనుక గాడి గుండా క్లచ్ ధూళి లోపలికి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కార్బరేటరులోకి బ్యాక్‌ఫైర్ కొట్టినప్పుడు మంట క్రాంక్‌కేసు దాకా పోకుండా ఆపేది ఏదీ ఉండదు. పీసీవీ వాల్వు లోపల స్ప్రింగు మీద కదిలే చిన్న పిన్ను ఉంటుంది. లాగుడు బలంగా ఉన్న ఐడిల్‌లో అది దారిని సన్నబరుస్తుంది, మామూలు వేగంలో వెడల్పు చేస్తుంది, బ్యాక్‌ఫైర్ వస్తే పూర్తిగా మూస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1960ల తొలినాళ్లలోనే క్రాంక్‌కేసు వాయువులను ఇలా ఇంజినుకే మళ్లించడం తప్పనిసరి చేశారు కాబట్టి, ఇది పాత ఇంజినుకు పనికిరాని కొత్త హంగు అనుకోనవసరం లేదు.

మీ ఇంజినుకు నా సూచన ఇది. వాయువు సైడ్ కవరు నుంచి పీసీవీ వాల్వు గుండా మానిఫోల్డుకు పోవాలి, తాజా గాలి రాకర్ కవరు నుంచి లోపలికి రావాలి. రాకర్ కవరు గొట్టాన్ని ఎయిర్ క్లీనరుకే ఉంచండి.

జవాబు (సాలూరు నుంచి)

పై మిత్రుడు చెప్పిన విషయంతో ఏకీభవిస్తున్నాను. అయితే వాల్వు కొనే ముందు బ్యాక్ కంప్రెషన్ (రింగుల పక్కనుంచి క్రాంక్‌కేసులోకి దిగే వాయువు ఒత్తిడి) ఎంత ఉందో కొలవాలి. రింగులు అరిగిన ఇంజినుకు ఎంత మంచి వాల్వు పెట్టినా ప్రయోజనం ఉండదు.

తాపీమేస్త్రీలు లెవల్ చూసుకునే పారదర్శక గొట్టం రెండు మీటర్లు తీసుకుని, గోడకు ఆనించిన చెక్క మీద ఇంగ్లీషు యు ఆకారంలో కట్టి, సగం వరకు నీరు పోయండి. ఒక కొసను రబ్బరు బిరడా ద్వారా డిప్‌స్టిక్కు రంధ్రానికి బిగించి, వేడెక్కిన ఇంజినును ఐడిల్‌లో ఒకసారి, రేసులో ఒకసారి నడిపి, రెండు వైపుల నీటి మట్టాల తేడా చూడండి. ఇంజిను వైపు మట్టం దిగితే లోపల ఒత్తిడి ఉన్నట్టు, ఎక్కితే లాగుడు ఉన్నట్టు. ఇంజిను వైపు గొట్టాన్ని నీటి మట్టం కంటే కనీసం అర మీటరు పైకి ఉంచండి, లేకపోతే నీరు ఆయిల్‌లోకి పోయే ప్రమాదం ఉంది. ఆ తరువాత నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూడండి. ఏదైనా తక్కువగా ఉంటే ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. అప్పుడు పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టే.

మరొక మాట. ఇక్కడి నుంచి కోరాపుట్ వైపు ఘాట్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంటుంది, మానిఫోల్డులో లాగుడు దాదాపు ఉండదు, బ్యాక్ కంప్రెషన్ మాత్రం అప్పుడే ఎక్కువ. ఆ సమయంలో మిగులు వాయువు రాకర్ కవరు గొట్టం గుండా వెనక్కి ఎయిర్ క్లీనరులోకి పోతుంది. ఆ గొట్టాన్ని ఎవరు మూయమన్నా మూయకండి.

జవాబు (బొబ్బిలి నుంచి)

నాది కొంచెం భిన్నాభిప్రాయం. బండిని పాత రూపంలో నిలుపుకోవాలనే కోరిక ఉంటే మానిఫోల్డు జోలికి పోకుండా, సైడ్ కవరు గొట్టాన్ని కూడా ఎయిర్ క్లీనరుకు, ఫిల్టరుకు లోపలి వైపున కలపవచ్చు. లాగుడు తక్కువే కానీ వాసన పోతుంది, కార్బరేటరు సెట్టింగు దాదాపు చెడదు. ఏ పద్ధతి అయినా సైడ్ కవరు లోపలి ఆయిల్ వేరుచేసే జాలీని విప్పి కిరోసిన్‌తో కడగండి. ఏళ్ల తరబడి తీయని జాలీలు మడ్డితో మూసుకుపోయి ఉంటాయి, కొన్నిసార్లు మొత్తం సమస్య అదే. సైడ్ కవరు ఎగ్జాస్ట్ మానిఫోల్డు కిందే ఉంటుంది కనుక రబ్బరు గొట్టాన్ని వేడికి దూరంగా తిప్పండి. రేడియేటరు గొట్టం రబ్బరు ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది, ఆయిల్‌కు తట్టుకునే నైట్రైల్ గొట్టమే వాడండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. జాలీ సగానికి పైగా మూసుకుపోయి ఉంది, కడిగించాను. ఆ తరువాత కొలిస్తే ఐడిల్‌లో నీటి మట్టాల తేడా ఒక సెంటీమీటరు, రేసులో మూడు సెంటీమీటర్ల ఒత్తిడి కనబడింది. కంప్రెషన్ నాలుగింటిలోనూ ఇంచుమించు సమానంగా ఉంది. చుక్కలు తగ్గాయి కానీ ఆగలేదు. అందుచేత వాల్వు పెట్టించాలని నిర్ణయించుకున్నాను. మానిఫోల్డుకు ఎక్కడ కలపాలి, ఎంత వాల్వు తీసుకోవాలి?

జవాబు (శ్రీకాకుళం నుంచి)

మీ కొలతలు ధైర్యం చెప్పేవిగా ఉన్నాయి, ఇంజిను ఆరోగ్యంగా ఉంది. కార్బరేటరుకు, మానిఫోల్డుకు మధ్య 12 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక ఒకటి లేత్‌లో చేయించి, దాని పక్కన రంధ్రం వేయించి నిపుల్ బిగించండి. అక్కడ కలిపితే వచ్చే గాలి నాలుగు సిలిండర్లకూ పంచబడుతుంది, ఒకే సిలిండరు దారిలో కలిపితే అది ఒక్కటే పలుచటి మిశ్రమంతో వేడెక్కుతుంది. పలక చేర్చాక యాక్సిలరేటరు లింకేజీ ఎక్కడా పట్టకుండా పూర్తిగా తిరిగి వస్తోందో లేదో తప్పక చూసుకోండి. వాల్వు 1300 నుంచి 1600 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజినుకు వాడేదై ఉండాలి, దాని మీది బాణం గుర్తు మానిఫోల్డు వైపుకు ఉండాలి.

బిగించాక ఎస్‌.యు. జెట్ నట్టును (మిశ్రమం సర్దే నట్టు) కొద్దిగా రిచ్ వైపు, అంటే పెట్రోలు పెరిగే వైపు, తిప్పి ఐడిల్ మళ్లీ సెట్ చేయించండి. నీటి గొట్టంలో ఐడిల్‌లో రెండు మూడు సెంటీమీటర్ల లాగుడు కనబడితే చాలు. పది దాటితే వాల్వు పెద్దదైనా కావాలి, గాలి వచ్చే దారి మూసుకుపోయి అయినా ఉండాలి. ఇంజిను వేడిగా ఉండగా ఐడిల్‌లో ఆయిల్ మూత తీస్తే వేగం సుమారు 200 ఆర్‌పీఎం పెరగడం వాల్వు పనిచేస్తోందనడానికి గుర్తు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ వాల్వును విప్పి పెట్రోలుతో కడిగి ఊపి చూడండి, లోపల పిన్ను కదిలిన చప్పుడు రాకపోతే కొత్తది వేయించండి.