డీఎన్ఎస్‌మాస్క్ లాగ్‌లో "మ్యాక్స్ 150": క్యాష్ పెంచినా మెసేజ్ ఆగడం లేదు

ల్యాబ్ అడ్మిన్, విజయనగరం:
గురువులకు నమస్కారం. కాలేజీ ల్యాబ్‌లో 120 ఉబుంటు సిస్టమ్‌లు, అన్నిటికీ ఒకటే డీఎన్ఎస్‌మాస్క్ సర్వర్ (సైట్ల పేర్లకి ఐపీ అడ్రసులు కనుక్కుని ఇచ్చే, దొరికినవి క్యాష్‌లో దాచుకునే ప్రోగ్రాం). పొద్దున బ్యాచ్ లాగిన్ అవగానే లాగ్‌లో ఈ లైను వరసపెట్టి పడుతోంది: "మాక్సిమం నంబర్ ఆఫ్ కంకరెంట్ డీఎన్ఎస్ క్వెరీస్ రీచ్డ్, మ్యాక్స్ 150" (ఒకేసారి నడిచే ప్రశ్నలు పరిమితికి చేరాయని). క్యాష్-సైజ్ (క్యాష్‌లో ఎన్ని పేర్లు దాచాలన్న సెట్టింగ్) డిఫాల్టు కూడా 150యే కాబట్టి దాన్ని 5000 చేసి రీస్టార్ట్ ఇచ్చాం. మెసేజ్‌లో ఇంకా 150 అనే వస్తోంది. కొన్ని సైట్లు టక్కున తెరుచుకుంటాయి, కొన్ని ఐదేసి సెకన్లు ఆగుతాయి. క్యాష్ ఇంకా నిండిపోతోందా, లేక మార్పే తీసుకోలేదా?

పలాస నెట్:
మార్పు తీసుకుంది, కానీ ఈ 150 వేరు. డీఎన్ఎస్‌మాస్క్‌లో రెండు 150లున్నాయి. ఒకటి క్యాష్‌లో దాచే పేర్లది. రెండోది డీఎన్ఎస్-ఫార్వర్డ్-మ్యాక్స్, అంటే పై సర్వర్‌కి (ప్రొవైడర్ ఇచ్చినది లాంటి బయటి డీఎన్ఎస్ సర్వర్) పంపి జవాబు కోసం ఎదురుచూస్తున్న ప్రశ్నల పరిమితి. మీ మెసేజ్ రెండోదాని గురించి. రెండు అంకెలూ ఒకటే కావడంతో అందరూ ముందు క్యాష్ మీదే పడతారు.

క్యాష్ సంగతి తేల్చాలంటే డీఎన్ఎస్‌మాస్క్ ప్రాసెస్‌కి యూఎస్ఆర్1 సిగ్నల్ పంపండి, అది తన లెక్కలన్నీ లాగ్‌లో రాస్తుంది. అందులో "క్యాష్ ఇన్సర్షన్స్ రీ-యూజ్డ్ అన్ఎక్స్‌పైర్డ్" అన్న లైన్లో అడ్డగీతకి (/) ముందున్న అంకె చూడండి. గడువు తీరకుండానే తోసేసిన పేర్లు అవి. సున్నా ఉంటే క్యాష్ చాలినట్టే. దాని కిందే ఒక్కో పై సర్వర్‌కి ఎన్ని పంపిందో, ఎన్ని మళ్లీ పంపాల్సి వచ్చాయో లేదా ఫెయిలయ్యాయో వస్తుంది. అసలు కథ అక్కడుంటుంది.

కేబుల్ ఆపరేటర్, శ్రీకాకుళం:
ఎందుకొచ్చిన గొడవ మాస్టారూ, డీఎన్ఎస్-ఫార్వర్డ్-మ్యాక్స్‌ని 1000 చేసేయండి. ఆపకుండా హప్ సిగ్నల్ పంపితే సరిపోదు, అది క్యాష్ తుడుస్తుందే గానీ కాన్ఫిగ్ ఫైలు మళ్లీ చదవదు. రీస్టార్టే ఇవ్వాలి.

పలాస నెట్:
పెంచొచ్చు, కానీ కారణం చూశాక. పై సర్వర్ 50 మిల్లీసెకన్లలో జవాబిస్తుంటే ఎదురుచూసే ప్రశ్నలకున్న 150 చోట్లతో సెకనుకి 3000 ప్రశ్నలు గడిచిపోతాయి. ఒక ల్యాబ్‌కి అంత అవసరమే రాదు. జవాబే రాకపోతే మాత్రం ఒక్కో ప్రశ్న 10 సెకన్లు చోటు పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు సెకనుకి 15 కొత్త పేర్లు వస్తే చాలు, పట్టిక నిండిపోతుంది.

ఆ ఐదు సెకన్ల ఆగుడు కూడా ఊరికే రాలేదు. లైనక్స్ క్లయింటు రెండోసారి అడిగే ముందు డిఫాల్టుగా ఆగే సమయం అదే. కాన్ఫిగ్‌లో స్ట్రిక్ట్-ఆర్డర్ (పై సర్వర్లని రాసిన వరసలోనే అడగమనే సెట్టింగ్) ఉందా? ఉంటే ప్రతి కొత్త పేరూ ముందు మొదటి సర్వర్‌కే పోతుంది, అది చచ్చి ఉన్నా సరే. క్లయింటు మళ్లీ అడిగాకే రెండోదాని వంతు.

ల్యాబ్ అడ్మిన్, విజయనగరం:
ఉంది. స్టాటిస్టిక్స్‌లో తోసేసిన పేర్లు 0. మొదటి సర్వర్‌కి పంపినవి 4112, ఫెయిలైనవి 4090. అది మా ప్రొవైడర్ ఇచ్చిన అడ్రసు.

పలాస నెట్:
దొరికింది. స్ట్రిక్ట్-ఆర్డర్ తీసేయండి. అది లేకపోతే ముందు జవాబిచ్చినదాన్నే పట్టుకుని, మధ్యమధ్యలో అన్నిటినీ పరీక్షిస్తుంది. ఆ అడ్రసుని డిగ్ కమాండ్‌తో (డీఎన్ఎస్ ప్రశ్న పంపి చూసే టూల్) నేరుగా అడిగి చూడండి. టైమౌట్ వస్తే జాబితా నుంచే కొట్టేయండి.

కేబుల్ ఆపరేటర్, శ్రీకాకుళం:
ఇంకొకటి. రౌటర్‌లో డీఎన్ఎస్‌గా ఈ సర్వర్‌నే ఇచ్చి, సర్వర్ మళ్లీ రౌటర్‌నే అడుగుతుంటే ప్రశ్న గిరగిరా తిరిగి ఇదే మెసేజ్ తెస్తుంది. డీఎన్ఎస్-లూప్-డిటెక్ట్ పెడితే అలాంటి సర్వర్‌ని పక్కన పెట్టేస్తుంది. బోగస్-ప్రివ్ కూడా ఉంచండి, 192.168 లాంటి లోపలి అడ్రసుల రివర్స్ ప్రశ్నలు (అడ్రసు ఇచ్చి పేరు అడిగేవి) బయటికి పోవు.

ల్యాబ్ అడ్మిన్, విజయనగరం:
స్ట్రిక్ట్-ఆర్డర్ తీసేశాం, మొదటి అడ్రసు కొట్టేశాం. మధ్యాహ్నం బ్యాచ్‌కి ఒక్క లైనూ పడలేదు. పొద్దున మొత్తం మీద 40 లైన్లే ఉన్నాయి, అంటే 40 ప్రశ్నలే పోయాయా?

పలాస నెట్:
కాదు. ఆ మెసేజ్‌ని ఐదు సెకన్లకి ఒకసారి మించి రాయదు. ఒక్కో లైను వెనక వందలు పోయి ఉండొచ్చు.